పొరుగు తెలియకుండా ప్రపంచం తెలిసేనా?

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో ఓడరేవుకు, విజయనగరం జిల్లా భోగాపురంలో అదే ఏడాది మే నెలలో అంతర్జాతీయ విమానాశ్రయానికి శంకుస్థాపనలు జరిగాయి. వెనుకబడిన జిల్లాలుగా పేరుపడ్డ ఈ రెండు జిల్లాల ముంగిట్లోకి ప్రపంచం వస్తున్నదని అందరూ సంతోషించారు. సంతోషించవలసిన విషయమే. అయితే రేవు కట్టడానికి ఇంజనీర్లున్నారు, రన్‌వే వేయడానికి కంపెనీలున్నాయి. ఆ రేవుకు వచ్చే మనుషులతో, ఆ విమానమెక్కి వెళ్లి చేరే దేశాలతో మసలుకోవడం మన పిల్లలకు నేర్పేది ఎవరు? ఈ ప్రశ్న ఎక్కడా వినబడడం లేదు.

ముస్లిం కుటుంబాలకు ఈ ప్రశ్న మరింత దగ్గరిది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రెండు జిల్లాల్లో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. పట్టణం దాటితే తరగతి మొత్తానికి ఒకే ఒక్క ముస్లిం పిల్లవాడు ఉండడం మామూలు. తోటి పిల్లలకు ఇస్లాం గురించి తెలిసిందల్లా టీవీలో చూసింది, సెల్‌ఫోన్‌లో వచ్చింది. కనుక ఎక్కడో ఎవరో చేసిన ఘోరానికి ఈ పిల్లవాడు ఇక్కడ జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

ఇది ఒక వైపు. రెండో వైపు కూడా చూసుకుందాం. దుబాయ్‌లో అన్నిటికంటే ఎత్తయిన భవనం పేరు తడుముకోకుండా చెప్పే మన పిల్లలకు, వారపు సంతకు చింతపండు, పసుపు తెచ్చే సవర మనిషి ఇంట్లో ఏ భాష మాట్లాడుతాడో తెలియదు. ఇతరులు మనల్ని అర్థం చేసుకోవడం లేదని బాధపడే మనం, మన పక్కనున్న వారిని ఎంత అర్థం చేసుకున్నాం? ఇతర సంస్కృతులను తెలుసుకునే చదువు అమెరికా, జపాన్ పాఠాలతో మొదలు కాదనీ, కాళ్ల కింది నేలతో మొదలవుతుందనీ మా అభిప్రాయం. అందుకు ఈ ఉత్తరాంధ్ర నేల కంటే మంచి పాఠశాల దొరకదు.

వలస నేర్పిన పాఠం

2018 చివరలో గుజరాత్‌లోని వేరావల్ రేవు నుంచి వేటకు వెళ్లిన మన మత్స్యకారులు పాకిస్తాన్ సముద్ర భద్రతా సంస్థకు చిక్కారు. వారిలో అత్యధికులు శ్రీకాకుళం జిల్లా వారు, విజయనగరం జిల్లా వారూ ఉన్నారు. ఏడాదికి పైగా కరాచీ జైలులో మగ్గిన తర్వాత, 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా సరిహద్దు దాటి స్వదేశంలో అడుగుపెట్టారు. 2025 ఫిబ్రవరిలో విడుదలైన ‘తండేల్’ సినిమాకు ఆధారం ఈ సంఘటనే.

సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకున్నవారు అసలు విషయం ఆలోచించారా? రాష్ట్రంలోనే పొడవైన తీరాల్లో ఒకటి ఉన్నా, పెద్ద బోట్లు నిలిపే హార్బరు సౌకర్యం లేకనే ఇక్కడి జాలరులు ఏళ్ల తరబడి వేరావల్, పారాదీప్, చెన్నై, మంగుళూరు రేవులకు వలస పోతున్నారు. బడి ముఖం ఎక్కువగా చూడని ఆ మనిషికి తూర్పు తీరం తెలుసు, పడమటి తీరం తెలుసు. పనికి సరిపడా హిందీ వచ్చు. ఏ రేవులో ఎవరితో ఎలా మాట్లాడాలో, ఎవరి పండుగకు వల ముట్టరాదో తెలుసు. పెద్ద విశ్వవిద్యాలయాల్లో ప్రాంతీయ అధ్యయనాలు అనే పేరుతో బోధించేది ఈ జ్ఞానాన్నే కదా! అయినా అతని కొడుకు చదివే బడి ఈ తెలివికి ఒక్క మార్కు కూడా ఇవ్వదు. తండ్రికి ఏమీ తెలియదనే ఆ పిల్లవాడు అనుకుంటూ పెరుగుతాడు.

గల్ఫ్ వలస సంగతీ ఇంతే. ఉద్దానం పల్లెల నుంచి, విజయనగరం చుట్టుపక్కల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, భవన నిర్మాణ కూలీలుగా వెళ్తున్న యువకులు తక్కువమంది కారు. పదో తరగతి ప్యాసు కాని వారు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అటువంటి వారి కోసం విదేశాంగ శాఖ 2018 నుంచి ప్రయాణానికి ముందు ఒక్కరోజు శిక్షణ పెట్టింది. మంచిదే. కానీ ఏళ్ల తరబడి బతకబోయే దేశం గురించి ఒక్కరోజు పాఠం సరిపోతుందా? విజిట్ వీసా మీద పంపించే ఏజెంటు చేతిలో పడినవాడికి ఆ ఒక్కరోజు కూడా దక్కదు. అరబీలో ఉన్న ఒప్పందం మీద వేలిముద్ర వేసి విమానమెక్కుతాడు. అక్కడ జీతం ఆగినప్పుడు ఎవరిని అడగాలో తెలియదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోవడం చట్టవిరుద్ధమనీ తెలియదు. ఇతర సంస్కృతుల గురించి చదువుకోవడం తీరిక ఉన్నవారి వేడుక అనుకునేవారు ఈ కుర్రవాడి ముఖం చూసి ఆ మాట చెప్పగలరా?

కళింగం నుంచి కెలింగ్ వరకు

ప్రపంచంతో ఈ తీరానికి సంబంధం కొత్తది కాదు. వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న కళింగపట్నం ఒకనాటి రేవు. దానికి దగ్గరలోనే శాలిహుండం బౌద్ధ స్తూపాలు ఉన్నాయి. ఈ తీరం నుంచి ఓడలు బర్మాకు, మలయాకు, సుమత్రాకు వెళ్లేవి. మలయా భాషలో దక్షిణ భారతీయులను పిలిచే ‘కెలింగ్’ అనే మాట కళింగ శబ్దం నుంచే పుట్టిందని పండితులు చెబుతారు. మలేషియాలోని మలక్కా నగరంలో 1748లో భారతీయ ముస్లిం వర్తకులు కట్టిన మసీదును నేటికీ కంపుంగ్ క్లింగ్ మసీదు అంటారు. దాని కప్పు సుమత్రా పద్ధతిలో అంచెలంచెలుగా ఉంటుంది, మినార్ చూస్తే చైనా పగోడా గుర్తుకు వస్తుంది. వర్తకం చేసుకునే మనుషులు ఒకరి పనితనాన్ని ఒకరు గౌరవించుకున్న రోజుల గుర్తు అది.

తర్వాత ఏం జరిగింది? 19వ శతాబ్దంలో ఆంగ్లేయుల తోటలకు ఇక్కడి నుంచి కూలీలను ఓడల్లో తరలించడం మొదలయింది. వర్తకుడిగా వెళ్లినవాడి స్థానంలో కూలీ నిలబడ్డాడు. క్రమంగా అదే ‘కెలింగ్’ మాట తిట్టుగా దిగజారింది. నేడు మలేషియాలో ఆ మాట అంటే అక్కడి భారతీయ సంతతి వారికి అవమానం. మన ప్రాంతం పేరు పరాయి నేల మీద గౌరవంగా మొదలై తిట్టుగా మారిన ఈ కథ మన బడి పిల్లల్లో ఎందరికి తెలుసు?

బర్మా కథ ఇంకా చేదుగా ఉంటుంది. రంగూన్ రేవులో మూటలు మోసిన తెలుగువారిని అక్కడ కోరంగీలనేవారు. 1930 మే నెలలో ఈ తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. గుత్తేదారులు బర్మా వారిని పనిలోకి తీసుకున్నారు. సమ్మె పరిష్కారమయ్యాక మే 26న ఆ బర్మా వారిని అక్కరలేదని వెనక్కు పంపారు. అక్కడ మొదలైన గొడవ నగరమంతటికీ పాకి వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. 1938లో ఒక పుస్తకాన్ని సాకుగా చేసుకుని బర్మాలో ముస్లింల మీద దాడులు జరిగాయి. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగి వచ్చారు. 1930 తగవుకు మూలం కూలి డబ్బులే, దానివల్ల లాభపడింది గుత్తేదారులే. కానీ దశాబ్దాల తరబడి ఒకే రేవులో పనిచేసినా ఒకరి భాష, ఒకరి కష్టం ఒకరికి తెలియకపోవడం వల్లనే ఆ తగవు అంత సులభంగా జాతుల పోరుగా మారింది. పక్కపక్కన బతకడం వేరు, ఎరిగి బతకడం వేరు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మారిషస్. ఈ తీరం నుంచే చెరకు తోటలకు వెళ్లిన తెలుగువారి సంతతి అక్కడ ఉంది. ఆ దేశపు ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలు తెలుగు, ఉర్దూ, హిందీ, తమిళం, మరాఠీ వంటి తమ పూర్వీకుల భాషలు నేర్చుకునే వీలుంది. అందరూ కలిసి ఇంగ్లీషు, ఫ్రెంచి కూడా చదువుతారు. దానివల్ల ఆ చిన్న దేశం ముక్కలైపోలేదు.

గిడుగు చూపిన దారి

పొరుగువారిని తెలుసుకోవడం ఎలాగో నేర్పిన మహనీయుడు ఈ గడ్డ మీదే పుట్టాడు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన గిడుగు రామమూర్తి పంతులు గారిని వాడుక భాషా ఉద్యమకారుడిగానే మనం స్మరించుకుంటున్నాం. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అయితే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవరల భాష నేర్చుకున్న సంగతి కూడా అంతే గొప్పది. తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం బడులు పెట్టారు, వారి భాషలోనే చదువు చెప్పించారు, పుస్తకాలు రాశారు. ఆయన సవర భాషా వ్యాకరణాన్ని 1931లో మద్రాసులో అచ్చువేశారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఈస్టిండియా కంపెనీ కూడా 1812లో మద్రాసు కోటలో కాలేజీ పెట్టి తన దొరలకు తెలుగు, తమిళం నేర్పింది. అది పాలించడానికి, పన్ను వసూలు చేయడానికి నేర్చిన భాష. గిడుగు వారు నేర్చింది ఆ మనుషులకు చదువు అందించడానికి. ఒకే విద్య, ఉద్దేశాన్ని బట్టి ఆయుధమూ కాగలదు, వారధీ కాగలదు. నేటి ప్రపంచ వాణిజ్య యుగంలో మన పిల్లలకు విదేశీ భాషలు నేర్పేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. సరుకు అమ్మడానికి మాత్రమే ఎదుటివాడి భాష నేర్చుకుంటే మనం కంపెనీ దొరల వారసులమవుతాం.

సవర భాష గురించి ఒక విశేషం చెప్పుకోవాలి. అది తెలుగుకు చుట్టం కాదు, ఒడియాకూ కాదు. ముండా భాషల్లో ఒకటి. బర్మాలోని మోన్, కంబోడియాలోని ఖ్మేర్ భాషలకు అది దూరపు బంధువు. కువి, కొండ భాషలు తెలుగులాగా ద్రావిడ భాషలు. ఇచ్ఛాపురం వైపు వినిపించే ఒడియా, మన ఇళ్లలోని ఉర్దూ మరో కుటుంబానివి. మూడు భాషా కుటుంబాలు ఒకే బస్సులో ప్రయాణం చేసే ప్రాంతం ఇది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగి సీతంపేట ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. కాగితం మీద గీత మారింది గాని ఇరుగుపొరుగు మారలేదు.

ఈ ఇరుగుపొరుగును ఎరగకపోతే ఏమవుతుందో కూడా ఈ జిల్లా చరిత్ర చెబుతుంది. మైదానం నుంచి వెళ్లిన షావుకార్లు లెక్కలు తెలియని గిరిజనుల పంటను, భూమిని అప్పుల కింద జమ కట్టుకోవడం 1967లో మొదలైన శ్రీకాకుళం సాయుధ పోరాటానికి ముఖ్య కారణాల్లో ఒకటి. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా ‘వన్ ఆఫ్ సెవెంటీ’ చట్టం 1970లో వచ్చింది. ఎన్నో ప్రాణాలు పోయాక గాని మైదానానికి కొండ గోడు వినబడలేదు. 2004 ప్రాంతంలో సవర, కువి, కొండ, కోయ వంటి ఎనిమిది గిరిజన భాషల్లో మన ప్రభుత్వం వాచకాలు తయారు చేయించింది. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2019లో పార్లమెంటు చట్టం చేసింది. ఇవి మంచి అడుగులు. అయితే సవర పిల్లవాడు తెలుగు నేర్చుకోవాలని అందరూ అంటారు. తెలుగు పిల్లవాడు నాలుగు సవర మాటలైనా నేర్చుకోవాలని ఎవరూ అనరు. ఒకవైపే నడిచే వంతెన మీద రాకపోకలు సాగవు.

చరిత్రను దాచరాదు

ప్రాంతీయ చరిత్ర బోధించాలనగానే కొందరికి భయం. పాత గాయాలు రేగుతాయంటారు. శ్రీకాకుళంలోని జామియా మసీదునే తీసుకుందాం. గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో దీన్ని కట్టించాడు. గుళ్లు పడగొట్టి కట్టించాడన్న మాట పాత రాతల్లో ఉంది. ఈ మాటను మన పిల్లల దగ్గర దాచిపెడితే, రేపు ఎవరో ఒకరు సెల్‌ఫోన్‌లో పదింతలు చేసి పంపుతారు. అప్పుడు మన పిల్లవాడికి జవాబు ఉండదు. ఆనాటి రాజులు, ఫౌజుదార్లు ఎందుకోసం యుద్ధాలు చేశారో, ఎవరు ఎవరి పక్షాన నిలిచారో ఆధారాలతో చెబితే పిల్లలే అర్థం చేసుకుంటారు.

ఉదాహరణకు 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి వారికి ఇచ్చినప్పుడు, నిజాం నియమించిన ఫౌజుదారు జాఫర్ అలీయే దాన్ని ఎదిరించాడు. విజయనగరం విజయరామరాజు మొదట ఆయనతో కలిశాడు, తర్వాత ఫ్రెంచి వారు తక్కువ శిస్తుకు కౌలు ఇస్తామనగానే అటు మొగ్గాడు. జాఫర్ అలీ నాగపూర్ మరాఠాలను పిలిపించుకున్నాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట ముందు ఫ్రెంచి సేనాని బుస్సీ పక్కన నిలిచినవాడు విజయనగరం రాజే. ఈ కథలో హిందువు ఎవరి పక్షం, ముస్లిం ఎవరి పక్షం? శిస్తు, అధికారం కోసం జరిగిన పోరులో మతం గీత ఎక్కడా నిలబడదు. చరిత్రను సగం చెబితే అది విషం, పూర్తిగా చెబితే మందు.

మాటల చరిత్ర చెప్పినా చాలు. రైతు, హక్కు, జిల్లా, వకీలు, మంజూరు, రాజీనామా, ఫిర్యాదు వంటివి అరబీ, ఫారసీల నుంచి వచ్చిన మాటలు. వీటిని పక్కన పెట్టి ఒక్కరోజు పాలన నడపగలరా? తెలుగు బిడ్డ రోజూ పలికే మాటల్లోనే ప్రపంచం ఉంది. దాన్ని చూపించే గురువు కావాలి.

విశ్వాసానికి భయమా?

ఇతరుల సంస్కృతి చదివితే పిల్లల విశ్వాసం సడలుతుందని మన ఇళ్లలో కొందరు పెద్దలు జంకుతారు. మానవులను జాతులుగా, తెగలుగా చేసింది ఒకరినొకరు తెలుసుకోవడానికేననీ, దైవభీతిలోనే గొప్పతనం ఉందనీ దివ్య ఖుర్‌ఆన్‌లోని హుజురాత్ అధ్యాయం తెలియజేస్తోంది. యూదుల లిపి నేర్చుకోమని ప్రవక్త ముహమ్మద్ (స) జైద్ బిన్ సాబిత్‌ను ఆదేశించారనీ, ఆయన కొద్ది రోజుల్లోనే నేర్చుకున్నారనీ హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. అల్‌బిరూనీ సంస్కృతం నేర్చుకుని, పండితుల దగ్గర కూర్చుని, 1030 ప్రాంతంలో హిందూదేశం గురించి పెద్ద గ్రంథం రాశాడు. నచ్చనిది నచ్చలేదన్నాడు, మెచ్చవలసింది మెచ్చుకున్నాడు. ఆయన విశ్వాసానికి ఏ లోటూ రాలేదు. ఎదుటివారిని తెలుసుకోవడం వారిలా మారిపోవడం కాదు. వారి గురించి అబద్ధం చెప్పకుండా ఉండగలగడం.

మరికొందరిది వేరే వాదన. కళింగపట్నంలో, విజయనగరం బాబామెట్టలో దర్గాలకు హిందువులు రావడం లేదా, ఇంకా నేర్పవలసింది ఏముంది అంటారు. రావడం నిజం, సంతోషం. కానీ మొక్కు తీర్చుకుని వెళ్లిన సోదరుడికి మన ఇంటి రోజా గురించి, నికాహ్ గురించి, జకాత్ గురించి తెలిసిందా? సిరిమానోత్సవానికి విజయనగరం వీధులన్నీ నిండిపోయిన రోజున, ఆ జనం ఎందుకు వచ్చారో మన పిల్లలకు చెప్పామా? భక్తి కలిపిన చోట చదువు ఇంకా కలపలేదు.

ఏం చేయవచ్చు?

విద్య నాలుగు స్తంభాల మీద నిలబడాలనీ, కలిసి బతకడం నేర్చుకోవడం వాటిలో ఒకటనీ 1996లో యునెస్కోకు డెలోర్ కమిషన్ నివేదిక ఇచ్చింది. పారిస్‌లో రాసిన మాటను పాతపట్నంలో ఆచరించడానికి పెద్ద నిధులు అక్కరలేదు.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలని, ఆ రోజుల్లో స్థానిక వృత్తుల వారి దగ్గర పని నేర్చుకోవాలని సూచించింది. ఆ రోజుల్లో ఒకటి వేరావల్ వెళ్లివచ్చిన జాలరికి, ఒకటి సవర అమ్మకు, ఒకటి గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మేస్త్రీకి ఇవ్వమని తల్లిదండ్రుల సమావేశంలో మనమే అడగాలి. ఒక రోజు పిల్లలందరినీ మసీదుకు తీసుకురమ్మని హెడ్మాస్టరును మసీదు కమిటీ పిలవాలి. వజూ చేసే చోటు, మింబరు, మెహరాబు చూపించి, అడిగిన ప్రశ్నలకు ఓపికగా జవాబు చెబితే, తరగతిలోని ఆ ఒక్క ముస్లిం పిల్లవాడి భారం సగం తగ్గుతుంది.

రెండవది మన చేతిలోనే ఉంది. మదర్సాల్లో మన పిల్లలు అరబీ అక్షరాలు చదవడం నేర్చుకుంటున్నారు, చాలామందికి అర్థం మాత్రం అందడం లేదు. ప్రతి ఆదివారం రెండు గంటలు, గల్ఫ్ వెళ్లదలచిన యువకులకు ఏ మతం వారైనా సరే, అరబీలో పనికొచ్చే యాభై మాటలు నేర్పే తరగతి మసీదు పక్క గదిలో ఎందుకు పెట్టరాదు? రాతిబ్ అంటే జీతం, అఖ్ద్ అంటే ఒప్పందం, ఇజాజా అంటే సెలవు, ఇఖామా అంటే నివాస పత్రం. ఈ నాలుగు మాటలు చదవగలిగినవాడు ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయడు. సంఖ్యలో కొద్దిమందిమైన మనం ఈ ప్రాంతానికి ఇవ్వగల కానుక ఇది.

మూడవది కళాశాలల పని. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం 2008 నుంచి ఉంది. విజయనగరంలో గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. బర్మా నుంచి తిరిగి వచ్చిన కుటుంబాల్లో ఆనాటి సంగతులు విన్న పెద్దవారు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. వారి మాటలను విద్యార్థుల చేత రికార్డు చేయించి భద్రపరచాలి. ఆ పెద్దవారు వెళ్లిపోతే ఆ పుస్తకాన్ని ఎవరూ తిరిగి రాయలేరు.

చివరిది ఇంటి పని. కొండవారి గురించి, వలస కూలీల గురించి, ఇతర మతాల వారి గురించి మన ఇళ్లలో భోజనాల దగ్గర ఎటువంటి మాటలు దొర్లుతున్నాయో తల్లులు, తండ్రులు ఒక్కవారం గమనించుకోవాలి. మలయాలో మన ప్రాంతం పేరు తిట్టుగా మారినందుకు నొచ్చుకునే మనం, మన ఇంట్లో మరొకరి పేరును తిట్టుగా వాడుతున్నామేమో చూసుకోవాలి. పిల్లలు బడిలో కంటే ఎక్కువ పాఠాలు అక్కడే నేర్చుకుంటారు.

రేవుల్లోంచి సరుకులు వస్తాయి, పోతాయి. వాటితోపాటు మన బిడ్డలూ వెళ్తారు, ఇతరుల బిడ్డలూ ఇక్కడికి వస్తారు. వచ్చినవారిని ఎరిగి పలకరించడానికి, వెళ్లినచోట తలెత్తుకుని బతకడానికి కావలసిన చదువును ఇప్పుడే మొదలుపెట్టాలి. ఒక్క మసీదు కమిటీ, ఒక్క బడి కలిసి ఈ ఏడాది ముందడుగు వేసినా, వచ్చే ఏడాదికి మరో పది ఊళ్లు వాటి వెంట నడుస్తాయని మేము నమ్ముతున్నాం.